ఆఖరి సోఫా దాకా

మన సైన్యం అనుకున్న సమయం కన్నా ముందే వెనక్కి చేరుకుందని అధినేత ఆ ఉదయం రేడియోలో ప్రకటించారు. ఇంత వేగంగా వెనక్కి రాగల సైన్యం ప్రపంచంలో మరే దేశానికీ లేదని, ఈ సంగతి శత్రువులే ఒప్పుకుంటున్నారని అన్నారు. చూడ్డానికి శత్రువు మనల్ని తరుముతున్నట్టు ఉన్నా, నిజానికి మనమే అతన్ని వెంటపెట్టుకుని తీసుకొస్తున్నామని, త్వరలోనే అతను మనం పన్నిన ఉచ్చులో పడతాడని వివరించారు. ఉచ్చు ఎక్కడుందో సైనిక రహస్యం కనక చెప్పలేదు. అయితే చివర్లో, "ఇకమీదట ప్రతి ఇల్లూ ఒక కోట, ప్రతి వీధీ ఒక సరిహద్దు, ప్రతి పౌరుడూ ఒక సైనికుడు" అనేసరికి ఆ ఉచ్చు మేం కాపురం ఉంటున్న చోటేనని మాకు అర్థమైంది.

అధినేత గొంతు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ గొంతు వింటే పడుకున్నవాడు లేచి కూర్చుంటాడు. కూర్చున్నవాడు లేచి నిలబడతాడు. మా అత్తగారైతే లేచి వెళ్లి వంటింటి తలుపు గడియ పెట్టి వస్తారు. "ఈయన మాట్లాడినప్పుడల్లా ఇంట్లోంచి ఏదో ఒకటి పోతోంది" అని ఆవిడ బాధ. మొదటిసారి మాట్లాడినప్పుడు ఫిరంగి గుళ్ల కోసం వంటపాత్రలు పోయాయి. రెండోసారి నా స్కూటరు పోయింది. మూడోసారి వచ్చి మా బావమరిదిని తీసుకుపోయారు.

బావమరిది అంటే నా భార్య తమ్ముడు. బట్టల దుకాణంలో సేల్స్‌మన్. పుట్టి బుద్ధెరిగి కత్తెర తప్ప మరో ఆయుధం పట్టినవాడు కాదు. అతనికి ఖాకీ చొక్కా తొడిగి, నది మీద వంతెన కాపలాకి పంపారు. ఆ తర్వాత కబురు లేదు. వంతెన ఇప్పటికీ మన అధీనంలోనే ఉందని, కాకపోతే నీళ్ల అడుగున ఉందని రేడియోలో చెప్పారు. ఆ వార్త విన్న రోజు మా అత్తగారు పొయ్యి వెలిగించలేదు. మా మామగారు మాత్రం, "వంతెన మాట చెప్పారు గానీ మనుషుల మాట చెప్పలేదు కదా, అంటే బాగానే ఉన్నారు" అని అందరికీ వినబడేలా అని, పెరట్లోకి వెళ్లి చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

అలాంటి సమయంలో మా ఇంటికి మైకు వచ్చాడు.

మైకు అనేది మా వార్డు పార్టీ నాయకుడి ముద్దుపేరు. యుద్ధానికి ముందు ఆటోలో తిరుగుతూ డిస్కౌంట్ సేల్ ప్రకటనలు చేసేవాడు. ఆ అలవాటు పోక, దేశభక్తి గురించి చెప్పినా చివర్లో "ఈ అవకాశం కొద్దిరోజులే" అంటాడు. ఈమధ్య ఆ మాట వింటే నిజమేననిపిస్తోంది. ఇప్పుడతని హోదా విజయ సమన్వయకర్త. మెడలో బ్యాడ్జి, చేతిలో బ్యాటరీ మైకు. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు కూడా అందులోంచే మాట్లాడతాడు.

"సార్, మీ వీధికి ఒక కమాండర్ కావాలి. యూనిఫాం వేసుకున్న అనుభవం ఎవరికైనా ఉందా?"

మా మామగారు బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. "సర్వీసంతా ఖాకీయేనండీ" అన్నారు.

"ఆయుధాలతో పరిచయం?"

"టికెట్లకి చిల్లు పెట్టే పంచ్ ఉండేది."

"చాలు సార్. ఎవరినైనా అడ్డుకున్న అనుభవం?"

"టికెట్ లేనివాణ్ణి ఒక్కణ్ణి కూడా దిగనివ్వలేదు."

మైకు లేచి సెల్యూట్ చేశాడు. మా మామగారికి ఒక ఈల ఇచ్చి, అక్కడికక్కడే కమాండర్‌ని చేశాడు. ఆయనకి ఒక బెంగ ఉంది కనక, చేతికేదో పని దొరికినందుకు కాదనలేదు. పైగా కమాండర్లకి సరిహద్దు వార్తలు ముందుగా తెలుస్తాయని మైకు నమ్మబలికాడు. కొడుకు కబురు ఏ మూల నుంచైనా వస్తుందేమోనని ఆయన ఆశ. ఆ ఆశని ఇంత గొప్ప జాతీయ ప్రయోజనానికి వాడుకోగలిగిన పార్టీని మెచ్చుకోకుండా ఉండలేం.

వీధికి అడ్డంగా గోడ కట్టాలన్నది మొదటి ఆదేశం. ఇసుక బస్తాలు పంపవలసిన కాంట్రాక్టరు ఇసుకతో సహా విదేశాలకు వెళ్లినందువల్ల, బస్తాలకి బదులు సోఫాలు పెట్టుకోవచ్చని సర్క్యులర్ వచ్చింది. సోఫాలు తూటాలని మెత్తగా ఆపుతాయని, పైగా విశ్రాంతి కూడా దొరుకుతుందని అందులో రాశారు.

మా మామగారు ఇంటింటికీ తిరిగారు. జనం పెద్ద మనసుతో విరిగిన కుర్చీలు, కాళ్లూడిన బల్లలు, తలుపు సరిగా పడని బీరువాలు దేశానికిచ్చారు. మందుల షాపాయన తన దగ్గరున్న తుప్పు పట్టిన ఇనప బీరువా ఇచ్చి, "దీన్ని ఎక్కడ పడెయ్యాలా అని చాలాకాలంగా చూస్తున్నానండీ, దేశమే దారి చూపించింది" అన్నాడు. మంచి ఫర్నిచర్ ఒక్కటీ రాలేదు. కమాండర్ ఇంటివాళ్లు ముందు నిలబడాలి కనక, మా మామగారు మా సోఫా దగ్గరికి వచ్చారు.

"నాన్నా, అది మా పెళ్లికి కొన్న సోఫా" అంది నా భార్య.

"దేశం కన్నా సోఫా ఎక్కువా అమ్మా?"

"దేశం మీద ఎప్పుడైనా కాళ్లు చాపుకుని కూర్చున్నామా నాన్నా?"

ఆయన దగ్గర జవాబు లేదు. కానీ ఈల ఉంది. సోఫా వీధిలోకి వెళ్లింది. దాన్ని సరిగ్గా మధ్యలో పెట్టి, అటూ ఇటూ బీరువాలు నిలబెట్టి, పైన కుర్చీలు పేర్చాం. నాకు వీధి మొదట్లో కళ్లజోళ్ల దుకాణం ఉంది. అందులోంచి కళ్లు పరీక్షించే అక్షరాల బోర్డు కూడా తెచ్చి నిలబెట్టారు. శత్రువు దాన్ని చదవడానికి ఆగుతాడని, ఆ ఆలస్యం మనకి కలిసొస్తుందని మైకు ఆలోచన.

రెండో ఆదేశం ఆయుధాలు. ఇంట్లో ఉన్న కత్తులు, కత్తిపీటలు అన్నీ పార్టీ ఆఫీసుకి అప్పజెప్పాం. బదులుగా ఇంటికొక పోస్టరు ఇచ్చారు. అందులో అధినేత తుపాకీ పట్టుకుని దూరంగా చూస్తుంటారు.

"తుపాకులు కూడా వస్తాయాండీ?" అని మందుల షాపాయన అడిగాడు.

"పోస్టర్లో ఉంది కదండీ" అన్నాడు మైకు.

ఆ వారమంతా కూరగాయలు చేత్తో తుంచుకుని వండుకున్నాం. అధినేత రోజూ మాట్లాడుతూనే ఉన్నారు. విమానాశ్రయాన్ని వ్యూహంలో భాగంగా శత్రువుకి తాత్కాలికంగా అప్పగించామన్నారు. ఊరికి మూడు వైపులా శత్రువు ఉన్నందువల్ల ఇక అతన్ని వెతుక్కోవలసిన శ్రమ తప్పిందన్నారు. "ఆఖరి నెత్తుటి బొట్టు వరకు" అన్నప్పుడు ఆయన గొంతు ఎంత వణికిందంటే, పక్కన ఎవరో మంచినీళ్లివ్వడం రేడియోలో వినబడింది. మా వీధిలో చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. అద్దాలు తుడవడం నా వృత్తి అయినా, ఆ రోజు తుడిచినవి కళ్లే.

మర్నాడు మధ్యాహ్నం, ఎండ నిలువునా కాస్తుండగా, వీధి అవతలి కొస నుంచి ఒక మనిషి కుంటుకుంటూ వచ్చాడు. నదికీ విమానాశ్రయానికీ వెళ్లే రోడ్డు అదే. చిరిగిన ఖాకీ చొక్కా, ఒక కాలికి మాత్రం బూటు. మా మామగారు సోఫాలోంచి లేచి ఈల వేశారు.

"ఎవరది? దాటడానికి వీల్లేదు."

"నేనే నాన్నా."

మా మామగారు నోట్లోంచి ఈల తీయలేదు. ఊపిరి ఆడినప్పుడల్లా అది సన్నగా మోగుతోంది. కాసేపటికి దాన్ని తీసి, "పాస్ ఉందా?" అన్నారు.

"లేదు నాన్నా. ఆకలేస్తోంది."

ఆయన రెండు కుర్చీలు పక్కకి లాగారు. "ముందుకి జరుగు. లోపల ఖాళీ ఉంది" అన్నారు.

మా అత్తగారు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చారు. కొడుకుని కావలించుకోలేదు. ఉతికొచ్చిన బట్టలు చూసుకున్నట్టు చెవులు, చేతులు, వేళ్లు ఒక్కొక్కటే పట్టి చూసుకున్నారు. అన్నీ ఉన్నాయని తేలాక ఒక్క చెంపదెబ్బ కొట్టి, అప్పుడు ఏడ్చారు. నా భార్య అన్నం కలిపి తెచ్చింది. అతను అక్కడే నిలబడి తింటూ చెప్పాడు.

"మీటింగ్ ఉందని ఆఫీసర్లు జీపులెక్కి వెళ్లారు బావా. మేం పట్టించుకోలేదు. మర్నాడు వంటవాడు కూడా మీటింగ్‌కి వెళ్లాడు. అప్పుడర్థమైంది."

"మరి వంతెన?" అన్నాను.

"మనవాళ్లే పేల్చేశారు. మేం ఇవతల ఉన్నామా, అవతల ఉన్నామా, మధ్యలో ఉన్నామా అని అడగలేదు." ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆపాడు. "నా పక్క మంచం కుర్రాడు మధ్యలో ఉన్నాడు."

ఇంతలో వీధి మలుపులో మైకు గొంతు వినబడింది. పారిపోయి వచ్చిన సైనికుల్ని దాచిపెట్టినవారి ఇళ్లు సోదా చేస్తామని, దొరికినవాళ్లని అక్కడే కాల్చేస్తామని, ఈ అవకాశం కొద్దిరోజులేనని చెబుతూ వస్తున్నాడు. ఇంటిదాకా వెళ్లే వ్యవధి లేదు. మా మామగారు ఇటూ అటూ చూసి, కొడుకుని కంచంతో సహా మందుల షాపాయన బీరువాలోకి తోసి, దాని ముందు చేతులు కట్టుకు నిలబడ్డారు.

మైకు ఆయాసపడుతూ వచ్చాడు. కానీ అతని ధ్యాస బీరువా మీద లేదు. "సార్, అందరూ బయటికి రావాలి. అధినేత గారు స్వయంగా మన వీధికొస్తున్నారు. నాకే ముందు చెప్పలేదు."

నిజంగానే వచ్చారు. ఊళ్లోంచి నల్ల కార్లు కొన్ని, వాటి వెనక టార్పాలిన్ కప్పిన లారీ ఒకటి వచ్చి మా సోఫా ముందు ఆగాయి. ముందు కారులోంచి ఫైలు పట్టుకుని సెక్రటరీ దిగాడు.

"ఈ అడ్డం తియ్యండి. సార్ అర్జంటుగా వెళ్లాలి. ఏ వీధిలోకెళ్లినా ఇదే గొడవ. ఎవడు పెట్టమన్నాడో గానీ ఊరంతా అడ్డాలే."

"సారేనండీ పెట్టమన్నది" అన్నారు మా మామగారు వినయంగా. "సార్ ఎక్కడికండీ?"

"యుద్ధానికి."

"యుద్ధం ఇక్కడికే వస్తోంది కదండీ. ఇక్కడ కూర్చుంటే సరిపోతుంది."

"శత్రువుని వెనక నుంచి చుట్టుముట్టాలి. అది పై స్థాయి వ్యూహం. మీకర్థం కాదు."

"ఆ లారీలో ఏముందండీ?"

"రహస్యాయుధం."

టార్పాలిన్ కింద నుంచి రహస్యాయుధం తాలూకు వాషింగ్ మెషీన్ పైపు ఒకటి వేలాడుతోంది. అంత పెద్ద ఆయుధాన్ని ఇన్నాళ్లూ ఎవరికంటా పడకుండా దాచినందుకు మేమంతా మనసులోనే జోహార్లు అర్పించాం.

అప్పుడు అధినేత కారు దిగారు. గొంతు కన్నా మనిషి చిన్న. అంత ఎండలోనూ ఉన్ని కోటు వేసుకున్నారు. చలి దేశాల్లో ఏదైనా యుద్ధం ఉందేమో తెలియదు. ఆయన్ని చూడగానే వీధి వీధంతా తలుపులు తీసుకుని బయటికొచ్చింది. ఒక ముసలావిడ, "మాతోపాటు చావడానికి వచ్చారా బాబూ" అని రెండు చేతులూ పట్టుకుంది. జనం ఆ మాట అందుకున్నారు. అధినేత వచ్చారు, మనతోనే ఉంటారు, మనతోనే పోరాడతారు అని వీధి చివరి దాకా పాకింది. సెక్రటరీ ఏదో చెప్పబోయాడు గానీ అతని మాట ఎవరికీ వినబడలేదు. మా మామగారు సోఫా దులిపి, అధినేతని చెయ్యి పట్టి నడిపించి, సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టారు. "నిలబడేవాళ్లు వెనక్కి జరగండి. సార్‌కి గాలి ఆడాలి" అన్నారు.

నా భార్య టీ తెచ్చింది. అధినేత గ్లాసు పట్టుకుని వాచీ చూసుకున్నారు. మైకు తన మైకుని రెండు చేతులతో అందించాడు. అది చేతిలోకి రాగానే ఆయన ముఖం మారిపోయింది. వాచీ సంగతి మరిచిపోయారు. అలవాటు అలాంటిది.

"ప్రజలారా, నేను మీలో ఒకణ్ణి. ఈ సోఫా నా సింహాసనం. ఇది నా సమాధి అయినా సరే ఇక్కణ్ణుంచి కదలను."

చప్పట్లు మోగాయి. సెక్రటరీ కణతలు పట్టుకున్నాడు.

"శత్రువుకి వెన్ను చూపిన పిరికివాడు ఎవడైనా ఉంటే, వాడు నా సొంత తమ్ముడైనా సరే, ఈ చేతులతోనే..."

బీరువా గట్టిగా తుమ్మింది.

అధినేత ఆగారు. మైకు బీరువా వైపు తిరిగాడు. నా భార్య నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది. మా మామగారు మాత్రం కదలకుండా, "పాత ఇనుమండీ. ఎండకి చప్పుడు చేస్తుంటుంది" అన్నారు.

"చూశారా" అన్నారు అధినేత జనం వైపు తిరిగి. "ఇనుము కూడా నాతో ఏకీభవిస్తోంది."

మళ్లీ చప్పట్లు. వాటి చాటున బీరువా మరోసారి ఏకీభవించింది.

ఆ చప్పట్లు ఆగేసరికి అవతల రోడ్డు మీద దుమ్ము లేచింది. ఎవరో "వచ్చేశారు" అన్నారు. క్షణంలో వీధి ఖాళీ అయింది. పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు లోపలికి పరుగెత్తారు. సోఫా వెనక మా మామగారు, నేను, మందుల షాపాయన, మైకు మిగిలాం. అధినేత మిగిలేవారు కాదు గానీ, ఆయన ఉన్ని కోటు కొస కుర్చీ కాలికి చిక్కుకుని లేవలేకపోయారు. మా మామగారికి చేతిలో ఈల తప్ప ఏమీ లేదు. అయినా అధినేత భుజం మీద చెయ్యి వేసి, "భయపడకండి సార్, మేమున్నాం" అన్నారు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అధినేతకి అడ్డంగా ముందుకొచ్చి నిలబడింది కూడా మా మామగారే. నాకు ఏడుపొచ్చింది. ఇక బతకమని తెలిసిపోయింది.

ఒక జీపు వచ్చి సోఫాకి అవతల ఆగింది. దాని వెనక ఇంకో రెండు. ముందు జీపులోంచి శత్రుసైన్యం ఆఫీసరు దిగాడు. కుర్రవాడు, నున్నగా గడ్డం గీసుకున్నాడు. మా అడ్డాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. అక్షరాల బోర్డు దగ్గర ఆగి కింది వరస కూడా చదివాడు. తర్వాత సోఫాలో కూర్చున్న మనిషిని గుర్తుపట్టి, మడమలు కలిపి సెల్యూట్ చేశాడు.

"ఇక్కడున్నారా సార్. మీకోసం ఊరంతా వెతుకుతున్నాం." మా భాషని జాగ్రత్తగా, ఒక్కో మాటా కూడబలుక్కుని మాట్లాడుతున్నాడు. "మొన్న లొంగుబాటు కాగితాల మీద సంతకాలు పెట్టగానే బయల్దేరతామన్నారు. రెండు రోజుల నుంచి విమానం సిద్ధంగా పెట్టి కూర్చున్నాం."

మందుల షాపాయన నావైపు చూశాడు. "మొన్న అంటే నిన్న కాక మొన్నేనాండీ?" అని నెమ్మదిగా అడిగాడు. ఆఖరి నెత్తుటి బొట్టు మాట మేం రేడియోలో విన్నది నిన్ననే.

"సామాను సర్దడం ఆలస్యమైంది" అన్నాడు సెక్రటరీ, కారు వెనక నుంచి లేచి.

ఆఫీసరు చెయ్యి ఊపగానే అతని సైనికులు అడ్డం తీయడం మొదలుపెట్టారు. మర్యాదస్తులు. సోఫాని గీతపడకుండా ఎత్తి అరుగు మీద పెట్టారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి సర్దారు. ఇనప బీరువాని వంచేసరికి దాని తలుపు తెరుచుకుని, మా బావమరిది కంచంతో సహా రోడ్డు మీద పడి, పడ్డవాడు పడ్డట్టే చేతులు పైకెత్తాడు.

ఆఫీసరు అతని ఖాకీ చొక్కా చూసి, "ఇంకా ఈ చొక్కాలో ఏం చేస్తున్నావు? అయిపోయింది కదా, ఇంటికెళ్లు" అన్నాడు.

అధినేత అప్పటికి కారులో ఒక కాలు పెట్టారు. ఆ కాలు అలాగే ఉంచి వెనక్కి తిరిగారు. "యుద్ధం నుంచి పారిపోయి వచ్చావా? సిగ్గులేదూ?" అని మా బావమరిదిని అడిగారు.

బావమరిది తల దించుకున్నాడు. మా మామగారు వెళ్లి కొడుకు ఎత్తిన చేతులు రెండూ పట్టుకుని మెల్లగా కిందికి దించారు. నుదుటి మీద అంటుకున్న మెతుకు తుడిచారు.

దారి తెరుచుకుంది. ముందు లారీ వెళ్లింది. దాని వెనక పైపు రోడ్డు మీద గీసుకుంటూ వెళ్లింది. అధినేత కారు కదలబోతూ ఆగింది. మూసిన తలుపుల వెనక నుంచి జనం చూస్తున్నారని ఆయనకి తట్టినట్టుంది. పైకి లేచి, కారు తలుపు మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చెయ్యి పిడికిలి బిగించి ఎత్తారు. గొంతు మళ్లీ ఆ రేడియో గొంతే.

"ప్రజలారా, నేనెక్కడున్నా నా మనసు ఇక్కడే ఉంటుంది. ఆఖరి మనిషి దాకా పోరాడండి. ఆపకండి."

మా మామగారు ఒక చెయ్యి కొడుకు భుజం మీద ఉంచి, మర్యాదగానే అడిగారు.

"ఎవరితో సార్?"

అధినేత సెక్రటరీ వైపు చూశారు. సెక్రటరీ శత్రుసైన్యం ఆఫీసరు వైపు చూశాడు. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు.